ఒంటిచెవి సమీక్ష

సోమవారం

మా సంపాదకుణ్ణి ఇకనుంచి ఈ పుస్తకంలో కత్తెర అనే రాస్తాను. నా కిందటి వ్యాసంలో ముప్పాతిక భాగం కోసి పారేసి, మిగిలినదానికి పువ్వుల బొమ్మ తగిలించినవాడికి అంతకన్నా మర్యాద దండగ.

ఈరోజు కత్తెర తన బల్ల దగ్గరికి పిలిచి, "ఏం బాబూ విప్లవం, పాటలు వింటావా?" అన్నాడు.

"ఎలాంటి పాటలు?"

"జనం వినేవి."

ఏడాదికోసారి ఇచ్చే సంగీతం అవార్డుకి ఐదుగురు గాయనుల పాప్ ఆల్బమ్‌లు పోటీలో నిలిచాయట. అవార్డులిచ్చే లోపు ఐదింటినీ ఒకే పేజీలో సమీక్షించాలి. పేజీ మొత్తం నాదే. కింద నా పేరు వేస్తాడు. బజారు సంగీతం మీద నా అభిప్రాయమేమిటో కత్తెరకి తెలుసు. తెలిసే ఇచ్చాడు. తిట్లు బాగా అమ్ముడుపోతాయని వాడి ఎత్తు. నా ఎత్తు వేరు. శత్రువు కోటలోకి దొడ్డిదారి శత్రువే చూపిస్తున్నాడు.

(నాకు నేను రాసుకునేదాంట్లో బుకాయింపు ఎందుకు. పేరు వేస్తాననగానే సరే అన్నాను. శత్రువూ, కోటా, దొడ్డిదారీ దారిలో గుర్తొచ్చాయి.)

ఇంటి గుమ్మంలో అడుగుపెడుతూ ఎప్పటిలాగే "ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాను. లోపల్నుంచి ఎప్పటిలాగే అక్క "ఉన్నాలే, చెప్పు" అంది. ఆ 'లే' దగ్గర కాస్త సాగదీసి, చివర్న కిందికి దించుతుంది. చంటిపిల్లాణ్ణి చంకలోంచి దించినట్టు. నేను చంటిపిల్లాణ్ణి కాదని ఎన్నోసార్లు చెప్పాను.

విషయం చెప్పాను. ఆల్బమ్‌ల పేర్లు చదువుతుంటే, బట్టలు మడతపెడుతున్న అక్క చెయ్యి ఆగింది.

"'రెండు కుర్చీలు' కూడా ఉందా అందులో?"

"ఉంది. నీకెలా తెలుసు?"

"తెలుసులే. ముందు విను. విన్నాక మాట్లాడుకుందాం."

అక్క ఒక క్లినిక్‌లో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తుంది. సెలవు రోజుల్లో స్టూడియోకి వెళ్ళి ప్రకటనల వెనకాల గుంపులో ఒక గొంతుగా పాడి వస్తుంది. కిందటేడు ఏదో సబ్బు కోసం పాడి సంబరపడుతూ వస్తే, కూర్చోబెట్టి 'స్వరం ఎలా సరుకైంది' అనే కరపత్రం మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అప్పట్నుంచి స్టూడియో ఊసు ఇంట్లో ఎత్తదు. చైతన్యం వచ్చిందనుకుంటున్నాను.

మంగళవారం

మొదటి ఆల్బమ్. అట్ట మీద వెండి గౌను వేసుకుని నిలబడింది గనక ఆవిడ పేరు వెండిగౌను. తన చెప్పుల గురించి ఒక పాట. ఆ చెప్పులు చూసి ఏడ్చేవాళ్ళ గురించి ఇంకో పాట. ఆ ఏడ్చేవాళ్ళ మీద జాలిపడుతూ మూడో పాట. నాలుగోదానికి నా వల్ల కాలేదు. హెడ్‌ఫోన్ ఊడబెరికి గోడకేసి కొట్టాను.

వంటింట్లోంచి అమ్మ, "గోడేం చేసిందిరా నిన్ను?" అంది.

అదే రోజు, సాయంత్రం

హెడ్‌ఫోన్ కుడిపక్క పలకడం లేదు. విరిగినచోట టేపు చుట్టాను. ఎడమపక్క నిక్షేపంగా ఉంది.

అక్క చూసి, "నాది తీసుకోరా. మంచిది. కావాలనే కొనుక్కున్నాను" అంది.

"సబ్బు డబ్బుతో కొన్నది నాకొద్దు."

"నువ్వు పొద్దున్నే పళ్ళు తోముకున్నదీ ఆ డబ్బుతోనే నాయనా," అంది అమ్మ. అమ్మకి సిద్ధాంతం తెలీదు.

అక్క తన హెడ్‌ఫోన్ తీసుకెళ్ళి, మళ్ళీ అలమరలో పెట్టుకుంది.

కొత్తది కొనను. పాడైందల్లా పారెయ్, కొత్తది కొను అని చెవిలో ఊదేదే కదా బజారు. ఒక చెవి చాలు. అందులోనూ ఎడమ చెవి. నాబోటివాడికి ఇంకేం కావాలి.

గురువారం

మూడు ఆల్బమ్‌లు ఒకే ఊపున అయిపోయాయి. కన్నీటిచుక్క, మోటారుసైకిలు, పిల్లులావిడ. (అట్టలు చూసి పెట్టిన పేర్లే.) ముగ్గురిలోనూ ఒక జబ్బు కనిపెట్టాను. సంగీతం పలచబడిపోయింది. నీళ్ళ మజ్జిగలా ఉంది. పెట్టుబడి లాభం కోసం వాయిద్యాల్ని కూడా కోసేస్తోంది. మోటారుసైకిలు అట్ట వెనకాల గిటార్ వాయించినవాడి పేరు పెద్దక్షరాల్లో వేశారు. తీరా వింటే ఆల్బమ్ మొత్తంలో గిటారే లేదు. ఇది దోపిడీ కాదు, అంతకు మించింది. దీనికింకా ఎవరూ పేరు పెట్టినట్టు లేదు. నేనే పెట్టాలేమో.

చాలా ఉత్సాహంగా ఉంది.

శుక్రవారం

'రెండు కుర్చీలు' విన్నాను.

అట్ట మీద ఎదురెదురుగా రెండు కుర్చీలు, రెండూ ఖాళీ. లోపలంతా ఆ ఖాళీయే. ఈ గాయని ఒక వాక్యం పాడుతుంది. ఆపేస్తుంది. ఎక్కడో ఒక తీగ టంగుమంటుంది. మళ్ళీ ఒక వాక్యం. మళ్ళీ ఆపేస్తుంది. మూడో పాట మరీ ఘోరం. "ఎవరైనా ఉన్నారా" అని అడుగుతుంది, అంతే, ఊరుకుంటుంది. మళ్ళీ అదే అడుగుతుంది, మళ్ళీ ఊరుకుంటుంది. పాట పొడుగునా ఇదే తంతు. అట్ట వెనకాల మాత్రం 'కోరస్ బృందం' అని వేశారు. బృందమూ లేదు, బూడిదా లేదు.

నేను వింటున్నంతసేపూ అక్క ఏదో వంకన గదిలోకి వస్తూనే ఉంది. నీళ్ళు తెచ్చిపెట్టింది. కిటికీ తెరిచింది. తెరిచిన కిటికీ మూసింది.

"మూడో పాట అయిందా?"

"అయింది."

"ఎలా ఉంది?"

"ఖాళీగా ఉంది."

"ఖాళీగానా?"

"ఆవిడ పాడ్డం ఆపేసి ఊరికే కూర్చుంటుందక్కా. వినేవాడు వెర్రిమొహం వేసుకుని ఎదురుచూడాలి."

అక్క మంచం చివర కూర్చుంది. "ఆవిడ ఆపినప్పుడు… నీకేమీ అనిపించలేదా?"

"విసుగనిపించింది."

"మళ్ళీ ఒక్కసారి విను."

"మళ్ళీ కూడా విన్నాను. ఇంకా విసుగనిపించింది."

అక్క నవ్వింది. నవ్విందనే అనుకుంటున్నాను. ఇలాంటి పాటలకి అభిమానులైపోతే విమర్శ తట్టుకోలేరు. ఈ విషయం మీద ఆమెకి ఒక కరపత్రం ఇచ్చాను. తీసుకుని, గిన్నె కింద మసి అంటకుండా పరిచింది.

ఆదివారం

సమీక్ష పూర్తయింది. నేను రాసినవాటిలో ఇదే గొప్పది. 'రెండు కుర్చీలు' గురించి రాసింది ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను. పత్రిక చిరిగినా ఇది ఉండాలి:

"ఈ గాయని ప్రశ్నిస్తుంది, ఆగుతుంది, జవాబు రాదు, ఎందుకంటే జవాబివ్వడానికి తోటి మనిషంటూ ఆమె లోకంలో లేడు. సమష్టి గొంతు చచ్చిపోయినచోట మిగిలేది ఈ ఖాళీయే. ఈ ఆల్బమ్‌లో రెండో కుర్చీ ఎప్పుడూ ఖాళీ. ఆ ఖాళీనే మనకి కళ అని అమ్ముతున్నారు."

కత్తెర చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఖాళీ ముక్క బాగుందయ్యా" అన్నాడు. ఒక్క అక్షరం కొయ్యలేదు.

బుధవారం

పత్రిక వచ్చింది. కరపత్రాలు అమ్మే పెద్దాయన దుకాణం ముందు నన్ను నిలబెట్టి, ఆ ముక్క నలుగురికీ చదివి వినిపించాడు. చప్పట్లు కొట్టారు. నేను నేల చూపులు చూశాను. నేల చూపులు చూస్తున్నప్పుడు నేనెలా ఉంటానో పక్క దుకాణం అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంటాను.

ఇంటికొచ్చేసరికి అక్క చదువుతోంది. చివరిదాకా చదివి, పత్రికని నాలుగు మడతలు పెట్టింది.

"బాగా రాశావురా. నీ భాష బాగుంటుంది."

"ఏ ముక్క నచ్చింది?"

"ఖాళీ కుర్చీ," అని లోపలికెళ్ళింది.

అందరికీ ఆ ముక్కే నచ్చుతోంది.

గురువారం

"ఎవరైనా ఉన్నారా" అంటే అక్క పలకలేదు. ఇంట్లోనే ఉంది.

శుక్రవారం

ఈరోజు కూడా.

అమ్మనడిగాను. "మీ అక్క రానని ఫోన్ చేసి చెప్పేసింది. నీకు సంతోషమేగా?" అంది.

"ఎక్కడికి రానని?"

"ఎక్కడికైతే నీకెందుకు. నువ్వు రాసుకో."

క్లినిక్ వాళ్ళు విహారయాత్ర ఏదో పెట్టుకుని ఉంటారు. మానుకుందంటే మంచిదే.

శనివారం

కుడిచెవి తమ్మెకి ప్లాస్టర్ ఉంది. దాని సంగతీ రాస్తాను.

క్షవరానికి వెళ్ళాను. సెలూన్‌లో ఆ మూల ఒక స్పీకరూ, ఈ మూల ఒక స్పీకరూ. సెలూనాయన నా మెడకి గుడ్డ బిగించి పాట పెట్టాడు. అదే, మూడో పాట. నా ఖర్మ అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ఎడమ మూలనుంచి గాయని, "ఎవరైనా ఉన్నారా" అంది.

కుడి మూలనుంచి ఇంకో గొంతు, "ఉన్నాలే, చెప్పు" అంది.

"ఇదేంటి?" అన్నాను.

"ఏంటి బాబూ?"

"ఈ రెండో గొంతు. అసలు పాటలో ఇది లేదు. ఎవరో కలిపేశారు."

"మా అమ్మాయి రోజూ పెడుతుందిది. మొదట్నుంచీ ఉంది."

"నేను సమీక్షకుణ్ణండీ. ఈ ఆల్బమ్ మీద పేజీ రాశాను."

"రాసే ఉంటావు. తల కదపకు."

ఈలోగా రెండో చరణం. "ఎవరైనా ఉన్నారా." "ఉన్నాలే, చెప్పు." ఆ 'లే' దగ్గర సాగదీసి, చివర్న కిందికి దించింది, చంకలోంచి దించినట్టు. నేను కుర్చీలోంచి సగం లేచి ఆ మూలకి తిరిగాను. కత్తి చెవికి తగిలింది.

"కదపకు అన్నానా?" అన్నాడు సెలూనాయన, పటిక వెతుక్కుంటూ. "పాటేగా బాబూ. ఎక్కడికీ పోదు."

ఒక పక్క మాత్రమే కత్తిరించిన తలతో ఇంటికొచ్చాను. అక్క క్లినిక్‌లో ఉంది. అలమరలోంచి ఆమె హెడ్‌ఫోన్ అడక్కుండా తీసుకున్నాను. సబ్బు డబ్బుతో కొన్నదే. మొదటి పాట నుంచి పెట్టాను.

ఆవిడ ఆపిన ప్రతిచోటా అక్కే ఉంది. ఆవిడ అడిగితే జవాబు, ఆవిడ నసిగితే విసుక్కోవడం, ఒకచోట ఆవిడ ఏడుపు గొంతు పెడితే "సర్లే, తిన్నావా" అన్నట్టు ఒక చిన్న కూనిరాగం. నేను ఖాళీ అని రాసిన ప్రతి ఖాళీలో మా అక్క కూర్చుని ఉంది.

మోటారుసైకిలు కూడా పెట్టి చూశాను. గిటార్ ఉంది. భలే వాయించాడు.

అమ్మని వంటింట్లో పట్టుకుని అడిగాను. ఈసారి చెప్పింది. ఆ గాయని అవార్డు రాత్రి వేదిక మీద ఆ పాట పాడబోతోంది. ఎదురు కుర్చీలో కూర్చుని జవాబులు పాడమని అక్కనే పిలిచింది. స్టూడియోలో గాజు తలుపు వెనకాల పాడ్డమే తప్ప మనుషుల ముందు ఎప్పుడూ పాడలేదని అక్క వెనకాడింది. "తమ్ముడు విని ఏమంటాడో చూసి చెబుతాలే అమ్మా" అందట.

తమ్ముడు అన్నాడు. అచ్చులో అన్నాడు.

ఆదివారం

నిన్న సాయంత్రం అక్క రాగానే ఎదురెళ్ళి నిలబడ్డాను. ఉపన్యాసం మొత్తం సిద్ధం చేసుకున్నాను. నా తల చూసి, "ఇదేం వేషంరా, సగం సన్యాసివా?" అంది. ఉపన్యాసం మర్చిపోయాను.

"ఆ గొంతు నీదే."

"ఇప్పుడు తెలిసిందా?"

"హెడ్‌ఫోన్ కుడిపక్క పోయింది అక్కా. గోడకేసి కొట్టాను కదా. నువ్వు కుడిపక్క ఉన్నావు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాది ఇస్తానన్నాను కదరా," అంది.

దీనికి నా దగ్గరున్న ఏ కరపత్రంలోనూ జవాబు లేదు.

తర్వాత తనే చెప్పింది. "నాకు నీ మెప్పు అక్కర్లేదు. ఇంట్లో పాటంటే చెవి కోసుకునేవాడివి నువ్వొక్కడివే. పక్కన పెరిగినవాడికే నా గొంతు ఉన్నట్టు కూడా తెలీకపోతే, అంత పెద్ద హాల్లో ఎవరికి తెలుస్తుంది? అదీ నా భయం."

"ఇప్పుడు వెళ్తానని చెప్పు."

"ఏమని చెప్పను? మా తమ్ముడి హెడ్‌ఫోన్ పాడైంది, అందుకని మొన్న రానన్నాను, ఇప్పుడొస్తానంటానా? ఈపాటికి ఎవర్నో పెట్టుకుని ఉంటారు."

"ఆ 'ఉన్నాలే, చెప్పు' ఆవిడే రాసిందా?"

"ఆవిడ ఇంకేదో రాసింది. నాకు నోరు తిరగలేదు. రోజూ ఇంట్లో అనేది అనేశాను. అదే ఉంచేసింది."

అక్క లోపలికి పోయింది. నేను చెవి ప్లాస్టర్ తడుముకుంటూ కూర్చున్నాను. ఆ ఆల్బమ్‌కి ప్రాణం అనదగ్గ మాట పుట్టింది ఈ గుమ్మంలో. రోజూ నేను వేసిన కేకకి. ఐదు ఆల్బమ్‌లలోనూ నాకు కాస్తో కూస్తో వాటా ఉన్నది దీంట్లోనే. దాన్నే తవ్వి పాతరేశాను.

సోమవారం

కత్తెర దగ్గరికెళ్ళి సవరణ వెయ్యాలన్నాను. కారణం చెప్పాను. చెప్పడం అయ్యేదాకా నవ్వకుండా ఉండటానికి అతను పడిన కష్టం చూస్తే జాలేసింది.

"నవ్వుతారయ్యా జనం."

"తెలుసు."

"ఆ ఖాళీ ముక్క అద్భుతమని ఎంతమంది రాశారో చూశావా?"

"వాళ్ళు కూడా ఒంటిచెవితోనే విన్నారా?"

"వాళ్ళు వినలేదు బాబూ. నువ్వు రాసింది చదివారు."

సవరణ రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతి చాలా పొడుగొచ్చింది. అందులో హెడ్‌ఫోన్ల తయారీలో నాణ్యత తగ్గడం మీద ఒక పేరా ఉంది. చింపేశాను. రెండో ప్రతిలో సమీక్షకుడు ఆ సమయంలో తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడు. అదీ చింపేశాను. చివరికి మిగిలింది ఇది:

"కిందటి సంచికలో సమీక్షించిన ఐదు ఆల్బమ్‌లలో నాలుగింటిని సమీక్షకుడు ఎడమ చెవితో మాత్రమే విన్నాడు. తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు, దాన్ని గోడకేసి కొట్టినవాడిది. రెండో చెవితో కూడా విన్నాక చెబుతున్నది: 'రెండు కుర్చీలు'లో రెండో కుర్చీ ఖాళీగా లేదు. ఆ ఆల్బమ్‌ని నిలబెట్టింది ఆ కుర్చీలో ఉన్న గొంతే. మోటారుసైకిలు బొమ్మ ఉన్న ఆల్బమ్‌లో గిటార్ ఉంది."

ఆ గొంతు మా అక్కదని రాయలేదు. రాస్తే పొగడ్త మా ఇంటిదైపోతుంది.

కత్తెర చదివి, "నువ్వు నాకేదో పేరు పెట్టే ఉంటావు. ఏంటది?" అన్నాడు. "దీంట్లో కొయ్యడానికేం లేదులే," అని కింద సంతకం పెట్టాడు. ఇకనుంచి పూర్తి గౌరవంతో కత్తెరగారు అని రాస్తాను.

బుధవారం

అచ్చయింది. ఆఫీసులో నాకు కొత్త పేరు వచ్చింది. ఏమిటో రాయక్కర్లేదు. కాఫీ తెచ్చే ఆయన కూడా కుడిపక్క నుంచి వచ్చి "ఇటు వినపడుతోందా?" అన్నాడు.

కరపత్రాల పెద్దాయన నన్ను పక్కకి తీసుకెళ్ళి, "అధైర్యపడకు. సిద్ధాంతపరంగా నువ్వు మొదట రాసిందే సరైనది" అన్నాడు.

"పాటలో మనిషి ఉందండీ."

"ఉండొచ్చు. అది వేరే విషయం."

ఆయన దగ్గర అరువు తెచ్చుకున్న కరపత్రాలన్నీ తిరిగి ఇచ్చేశాను. ఒకటి తప్ప. దాన్ని గిన్నె కింద పరిచారు.

గురువారం

పొద్దున్నే అక్కకి ఆ గాయని నుంచి ఫోన్. తలుపు దగ్గర నిలబడి విన్నాను. రెండు చెవులతో.

"ఆఁ… చూశానండీ… అవును, మా తమ్ముడే… లేదండీ, చెవులు రెండూ ఉన్నాయి. ఒకదానికి ప్లాస్టర్ వేశారు… అవునా? ఎవర్నీ పెట్టలేదా?… ఖాళీ కుర్చీ పెట్టి పాడేద్దామనుకున్నారా?"

ఇక్కడ అక్క నావంక చూసింది. ఖాళీ కుర్చీ. ఆ ఉపాయం ఆవిడకి ఎక్కడ దొరికి ఉంటుందో ఊహించగలను.

ఫోన్ పెట్టేసి అక్క నా దగ్గరికొచ్చింది.

"ఒరే. నిజం చెప్పు. హాల్లో వినపడుతుందంటావా?"

హాలు నిర్మాణం, ధ్వని ప్రసరణ, శ్రోతల వర్గ స్వభావం, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"వినపడుతుంది" అన్నాను.

నేను చేసినవాటిలో ఇదే చిన్న సమీక్ష.

"అయితే వెళ్తాను," అంది. "నువ్వన్నావని కాదు. నాకే ఆ కుర్చీలో కూర్చోవాలనుంది."

అవార్డుల మర్నాడు

టీవీలో చూశాం, అమ్మా నేనూ. కెమెరా అంతసేపూ గాయని ముఖం మీదే ఉంది. అక్క భుజం ఒకసారి కనపడింది, చెయ్యి ఒకసారి. అమ్మ తెర పక్కకి వంగి వంగి చూసింది, అవతలి వైపునుంచి అక్క కనపడుతుందేమోనని. అమ్మని వెక్కిరించే హక్కు కూడా నాకు లేకుండా చేసింది విధి.

"ఎవరైనా ఉన్నారా" అంది గాయని. ఆపేసింది.

"ఉన్నాలే, చెప్పు."

హాల్లో ఎవరో నవ్వారు, ఇంటికి చేరినవాళ్ళు నవ్వినట్టు. తర్వాత చాలామంది.

"నిన్ననే కదరా ఈ చీర ఇస్త్రీ చేసింది," అంది అమ్మ, భుజం కనపడ్డ చోటు చూపిస్తూ. కళ్ళు తుడుచుకుంటూ.

అవార్డు వెండిగౌనుకి వచ్చింది. చేతికందింది విసిరాను. దిండు. ఇకనుంచి మెత్తనివే విసరాలని నియమం పెట్టుకున్నాను.

మళ్ళీ సోమవారం, చాన్నాళ్ళ తర్వాత

అక్క ఆ గాయనితో కచేరీలకి ఊళ్ళు తిరుగుతోంది. క్లినిక్‌లో సెలవు పెట్టింది. వెళ్తూ తన హెడ్‌ఫోన్ నా బల్ల మీద పెట్టింది. "గోడకి దూరంగా కూర్చుని విను," అంది.

ఈరోజు ఆఫీసు నుంచి వచ్చాను. అమ్మ బజారుకెళ్ళింది. గుమ్మంలో నిలబడి, అలవాటు చొప్పున "ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

ఏమీ లేదు. పక్కింట్లో ఎక్కడో గిన్నె చప్పుడు.

నేను సమీక్షలో రాసిన ఖాళీ ఇదన్నమాట. ఆల్బమ్‌లో లేదు గానీ ఉంది. నేను చాలా చక్కగా వర్ణించాను కూడా, చోటే తప్పు.

కాసేపు చూసి, ఎవరూ వినడం లేదని తేల్చుకుని, నేనే లోపలి గదిలోకి వెళ్ళి, "ఉన్నాలే, చెప్పు" అన్నాను. 'లే' దగ్గర సాగదీసి, చివర్న కిందికి దించి.

శ్రుతి కలవలేదు. రెండు చెవులతో విని చెబుతున్నాను.